ప్రాణమున్న సరకు

విశాఖపట్నం రేవులో ఓడలకు ఖనిజం ఎక్కించే విధానాన్ని గమనించినవారికి ఒక సంగతి తెలిసి ఉంటుంది. ఇనుప ఖనిజాన్ని కేవలం తూచి పంపితే చాలదు. రాశి కదులుతూ ఉండగానే అక్కడక్కడ కొంత కొంత తీసి, కలిపి, పొడి చేసి పరీక్షాలయానికి పంపుతారు. అందులో ఇనుము పాలు ఎంత, తేమ ఎంత, పనికిరాని మట్టి ఎంత అని లెక్క కడతారు. సరకు దిగిన రేవులో కొన్నవారు తిరిగి పరీక్ష చేయించుకొంటారు. 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' అనే ఓడ లోపలికి రావడంతో ఈ రేవు పని ఆరంభమైనది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1వ తేదీన జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ ఊరికి మరొక పేరు తెచ్చినది. అక్కడ కూడా కరిగిన ఉక్కును అచ్చు పోసేలోగా చిన్న తునక తీసి అందులో ఏ ధాతువు ఎంత ఉన్నదో చూస్తారు. ఖనిజమైనా, ఉక్కయినా పరీక్ష లేనిదే గడప దాటదన్నది ఈ పట్టణానికి కొత్త మాట కాదు.

అయితే ఖనిజానికి ఒక సుగుణం ఉన్నది. ఇక్కడ బయలుదేరిన ఇనుము జపానులో దిగేనాటికి రాగి కాదు. తేమ కొంత తగ్గవచ్చు, పెరగవచ్చు. కాని ఇనుము ఇనుముగానే ఉంటుంది. ప్రాణమున్న సరకు సంగతి అట్లా కాదు. అది దారిలో చచ్చిపోవచ్చు. చావకుండా చేరినా, వేరొక ప్రాణి అందులో చేరి దానిని కబళించవచ్చు. అన్నిటికంటె విచిత్రమేమంటే, బ్రతికి, పెరిగి, చూపులకు ఆరోగ్యంగా ఉండి కూడా అది తాను కాకుండా పోవచ్చు. ఈనాడు ప్రపంచంలోని ప్రయోగశాలలు మూలకణాలనే సూక్ష్మజీవకణాలను ఒకచోట పెంచి, మరొకచోటికి జన్యుపరీక్షలకు పంపుతున్నవి. ఆ పంపకం వెనుక రెండు వందల ఏండ్ల అనుభవం ఉన్నది. ఆ అనుభవంలో కొంత మన దేశంలోనే, ఎంతో కష్టంతో సంపాదించినది.

1798లో ఎడ్వర్డ్ జెన్నర్ మశూచికానికి టీకా పద్ధతిని ప్రకటించాడు. టీకా రసిని ఇంగ్లండు నుంచి హిందూదేశానికి చేర్చడం పెద్ద సమస్య అయినది. ఆ రోజులలో ఓడలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలెను. ప్రయాణానికి నెలలు పట్టేది. దారాలకు రసి పట్టించి ఆరబెట్టి, సీసాలలో పెట్టి పంపారు. వేడికి అది శక్తి కోల్పోయేది. చివరకు భూమార్గాన బాగ్దాదు వరకు వచ్చిన రసిని, అక్కడి నుంచి బస్రాకు, బస్రా నుంచి బొంబాయికి ఒక మనిషి చేతి నుంచి మరొక మనిషి చేతికి అంటిస్తూ తెచ్చారు. 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేండ్ల పసిపిల్లకు టీకా ఫలించినది. దేశంలో తక్కిన చోట్లకు టీకా వ్యాపించడానికి ఆ చిన్నారి చేయే మూలం. మరుసటి సంవత్సరం స్పెయిన్ దేశం నుంచి బాల్మిస్ అనే వైద్యుడు 22 మంది అనాథబాలురను ఓడ ఎక్కించి, వరుసగా ఒకరి తరువాత ఒకరికి టీకా వేస్తూ అట్లాంటిక్ మహాసముద్రం దాటించాడు. పసిబిడ్డల చేతులే ఆనాటి సీసాలు.

ఈ పద్ధతితో టీకా బ్రతికినది. కాని ఒకరి నుంచి మరొకరికి టీకాతోపాటు ఇతర రోగాలు కూడా అంటుకొనే ప్రమాదం ఉండేది. వచ్చినది బ్రతికి ఉన్నదా అని మాత్రమే ఆనాటివారు చూడగలిగారు. వచ్చినదానిలో ఇంకేమి ఉన్నదో చూచే సాధనం వారి వద్ద లేదు.

సాధనం వచ్చిన తరువాత కూడా ఆపద తప్పలేదు. 1902 అక్టోబరు 30వ తేదీన పంజాబులోని ముల్కోవాల్ అనే గ్రామంలో 107 మందికి ప్లేగు టీకా వేశారు. ఆ మందు హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త నాయకత్వాన బొంబాయిలో తయారైనది. ఒకే సీసా నుంచి మందు తీసుకొన్న 19 మంది ధనుర్వాతంతో మరణించారు. దోషం సీసా నింపినచోట జరిగినదా, మూత తీసినచోట జరిగినదా అన్న వాదం ఏండ్ల తరబడి సాగినది. హాఫ్కిన్ పదవి పోగొట్టుకొన్నాడు. గ్రామంలో సీసా తెరిచేటప్పుడు సహాయకుని చేతిలోని పటకారు నేల మీద పడినదని, దానిని సరిగా శుద్ధి చేయకుండానే వాడారని విచారణలో వెల్లడైనది. 1907లో హాఫ్కిన్ నిర్దోషి అని ప్రభుత్వం ఒప్పుకొన్నది. మందు ఎవరు చేశారు, ఎప్పుడు నింపారు, ఎవరు తెరిచారు, ఏ పరీక్ష ఏ తేదీన జరిగినది అని ప్రతి మెట్టునా వ్రాసి ఉంచకపోతే, ప్రాణనష్టం జరిగిన తరువాత సత్యం తేల్చడం ఎంత కష్టమో ఆ 19 చావులు నేర్పినవి.

ఇరవయ్యవ శతాబ్దంలో సరకు మారినది. మనిషి శరీరం నుంచి తీసిన కణాలను గాజుపాత్రలో పోషకద్రవం పోసి పెంచడం సాధ్యమైనది. దీనినే కణవర్ధనం అంటారు. 1951లో అమెరికాలోని బాల్టిమోరు నగరంలో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నీగ్రో జాతి స్త్రీ కాన్సరుతో చేరినది. ఆమె వ్రణం నుంచి తీసిన కణాలను జార్జి గై అనే శాస్త్రజ్ఞుడు పెంచాడు. ఆమె అనుమతి ఎవరూ అడగలేదు. అంతకు ముందు మనిషి కణాలు గాజుపాత్రలో కొన్నాళ్లకే చచ్చిపోయేవి. ఇవి మాత్రం రోజురోజుకు రెట్టింపవుతూ వచ్చినవి. 1951 అక్టోబరు 4వ తేదీన ఆమె మరణించినది. ఆమె కణాలు మరణించలేదు. ఆమె పేరులోని తొలి అక్షరాలు కలిపి వాటికి 'హీలా' అని పేరు పెట్టారు. పోలియో టీకా పరీక్షల కొరకు టస్కీగీ విద్యాలయంలో వీటిని వేలకొలది గొట్టాలలో పెంచి దేశమంతటా ప్రయోగశాలలకు పంపారు. అంత విరివిగా జీవకణాలు ప్రయాణం చేయడం అదే మొదలు.

ఇంతలో కణాలను గడ్డకట్టించి నిలువ చేసే ఉపాయం కూడా దొరికినది. ఉత్త నీటిలో గడ్డకడితే లోపల మంచుపలుకులు ఏర్పడి కణం పగిలిపోతుంది. గ్లిసరిన్ కలిపితే ఈ నష్టం తప్పుతుందని 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు కనుగొన్నారు. 1959లో లవ్‌లాక్, బిషప్ అనేవారు డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రవం ఇంకా మేలని చూపారు. నేటికీ సామాన్యంగా పోషకద్రవంలో నూటికి పది పాళ్లు ఆ ద్రవం కలిపి, నిమిషానికి సుమారు ఒక డిగ్రీ చొప్పున మెల్లగా చల్లార్చి, ద్రవనైట్రోజనులో దాచుతారు. ఏండ్లు గడచినా కరిగిస్తే కణం మేలుకొంటుంది. కుంభకర్ణుని నిద్ర వంటిదే గాని ఇది మనం కోరినప్పుడు తెలివి వచ్చే నిద్ర.

సరకు బ్రతికించే విద్య కుదిరినది. సరకును గుర్తుపట్టే విద్య మాత్రం వెనుకబడినది. మనిషి కణంలో క్రోమోసోములు ఎన్ని అన్న ప్రశ్నకే ముప్పది ఏండ్లపాటు ప్రపంచం తప్పు జవాబు చెప్పుకొన్నది. 1920లలో ఒక పండితుడు 48 అని లెక్కించాడు; తరువాతివారు అదే చదివి, అదే చూచామనుకొన్నారు. 1956లో స్వీడనులో తియో, లెవాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అవి 46 మాత్రమేనని నిరూపించారు. వారికి తోడ్పడిన ఉపాయాలు రెండు. కణం రెండుగా చీలే క్షణంలో దానిని కదలకుండా ఆపే కోల్చిసిన్ అనే మందు ఒకటి. కణాన్ని ఉబ్బించి క్రోమోసోములను విడదీసే పలుచని ఉప్పునీరు రెండవది. ఈనాటికీ క్రోమోసోముల పరీక్ష ఈ రెండు ఉపాయాల మీదనే నిలిచి ఉన్నది. 1970 తరువాత, రంగు వేసినప్పుడు ఒక్కొక్క క్రోమోసోము మీద దానికే ప్రత్యేకమైన చారలు కనబడే పద్ధతి వచ్చినది. నేతచీర అంచును బట్టి నేసిన ఊరు చెప్పినట్లు, చారలను బట్టి ఏ తునక ఏ క్రోమోసోముదో చెప్పడం సాధ్యమైనది.

ఇట్టి సాధనాలు చేతికి రాగానే ఒక అపశ్రుతి వినవచ్చినది. 1966లో అమెరికాలో జరిగిన ఒక సభలో స్టాన్లీ గార్ట్లర్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు లేచి, వేర్వేరు రోగుల నుంచి, వేర్వేరు అవయవాల నుంచి వచ్చినవని పేరున్న 18 కణశ్రేణులలో ఒకే విధమైన ఎంజైము లక్షణం తనకు కనబడినదని చెప్పాడు. ఆ లక్షణం నీగ్రో జాతివారిలోనే తరచుగా కనబడేది. ఆ శ్రేణులన్నీ బహుశా హీలా కణాలే కావచ్చునని ఆయన భావం. సభలో నిశ్శబ్దం ఆవరించినది. తమ జీవితకాలపు పరిశోధన అంతా మరొకరి కణాల మీద జరిగినదంటే ఎవరు ఒప్పుకొంటారు? కాని తరువాత వాల్టర్ నెల్సన్ రీస్ అనే శాస్త్రవేత్త క్రోమోసోముల చారలు చూచి, ఒకదాని తరువాత ఒకటిగా అనేక శ్రేణుల అసలు రూపం బయటపెట్టాడు. 1970లలో సోవియట్ దేశం నుంచి సుహృద్భావంతో అమెరికాకు పంపిన కణాలలో కూడా హీలా బయటపడినది. సముద్రాలు దాటి, రెండు రాజ్యాల నడుమ మర్యాదపూర్వకంగా అందిన సరకు పైన పేరు ఒకటి, లోపల వస్తువు మరొకటి.

ఇది ఎట్లా జరిగినది? వరి నారుమడిలో ఊద గడ్డి పడితే ఏమవుతుందో మన రైతుకు తెలుసు. లేతదనంలో ఊద వరివలెనే ఉంటుంది. కళ్లు మోసపోతాయి. పైగా అది వరికంటె వేగంగా పెరుగుతుంది. ఒకే గొట్టంతో రెండు పాత్రలను తాకినప్పుడు, ఒక కణం బొట్టుతోపాటు వచ్చి రెండవ పాత్రలో పడితే చాలు. వేగంగా పెరిగేది మెల్లగా పెరిగేదానిని కొద్ది వారాలలో మింగివేస్తుంది.

మూలకణాల విషయంలో ప్రమాదం ఇంకా సూక్ష్మమైనది. మూలకణమంటే, తనవంటి కణాలను కంటూనే, అవసరమైనప్పుడు కండరం, నరం, చర్మం వంటి రూపాలు ధరించగల కణం. 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ మానవ పిండం నుంచి మూలకణాలను వేరు చేసి పెంచాడు. 2006లో జపానులో షిన్యా యమనాకా నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి ఎలుక చర్మకణాలనే మూలకణాలుగా మార్చాడు. మరుసటి ఏడు మనిషి కణాలలో అదే పని జరిగినది. ఈ కణాలు పాత్ర నిండగానే కొన్నిటిని తీసి కొత్త పాత్రలో వేయవలెను. నారు పీకి నాటినట్లే. అట్లా ఎన్నిసార్లు నాటినదీ అంకె వేసి వ్రాస్తారు. అంకె పెరిగేకొద్దీ, బయటి కణం ఏదీ రాకపోయినా, లోపలి కణాలలోనే ఒకటి క్రోమోసోము తునకను అదనంగా సంపాదించుకోవచ్చు. ఆ అదనం వలన అది చావును తప్పించుకొంటుంది, లేదా త్వరగా చీలుతుంది. కొన్ని వారాలలో పాత్ర అంతా దాని సంతానమే అవుతుంది. ఊద బయటి నుంచి రాలేదు. వరియే ఊదగా మారినది.

ఇది ఊహ కాదు. 2011లో ప్రపంచంలోని 38 ప్రయోగశాలల సహకారంతో ఒక గొప్ప సర్వే ఫలితాలు ప్రకటించారు. పిండజ మూలకణశ్రేణులు 125, చర్మాదుల నుంచి మార్చినవి 11 అందులో చేరినవి. ఎక్కువ శ్రేణులలో క్రోమోసోములు సక్రమంగానే ఉన్నవి. కాని కాలం గడచినకొద్దీ మార్పులు పెరిగినవి. ఆ మార్పులు ఎక్కడబడితే అక్కడ కాక 1, 12, 17, 20 సంఖ్యల క్రోమోసోముల మీదనే తరచుగా వచ్చినవి. 20వ క్రోమోసోములోని ఒక చిన్న భాగం, సుమారు అయిదింట ఒక శ్రేణిలో ఎక్కువైనది. కణం చావును అడ్డుకొనే ఒక జన్యువు అక్కడ ఉన్నది. కాన్సరు కణాలు కోరుకొనే గుణం కూడా అదే. అట్టి కణాలతో చికిత్స చేస్తే మేలుకు బదులు కీడు రావచ్చునన్న భయం ఇందువల్లనే.

అందుచేత కణాలను పరీక్షకు పంపడం నేడు ఒక శాస్త్రమైనది. పంపే విధాలు ముఖ్యంగా మూడు. మొదటిది కణాలను బ్రతికి ఉండగానే పంపడం. క్రోమోసోముల పరీక్షకు చీలుతున్న కణాలే కావలెను. కాబట్టి పాత్ర పూర్తిగా నిండక, సగానికి మించి, చురుకుగా పెరుగుతున్న దశలో పంపుతారు. పోషకద్రవాన్ని ఫ్లాస్కు మెడ దాకా నింపుతారు. ఖాళీ ఉంటే దారిలో ద్రవం ఎగిరెగిరి పడి, అడుగున అంటుకొని ఉన్న కణాలు ఊడిపోతాయి. మూత గట్టిగా బిగించి దానిపై మైనపు పట్టీ చుట్టుతారు. మంచు తగలరాదు, ఎండ తగలరాదు. వారం మొదటి రోజులలోనే పంపుతారు. శనివారం చేరిన పెట్టె సోమవారం దాకా ఎవరూ తెరువకపోతే లోపలి ప్రాణం నిలువదు. రెండవది, గడ్డకట్టించిన కణాలను డ్రై ఐసులో గాని, ద్రవనైట్రోజను పీల్చుకొన్న ప్రత్యేక పాత్రలో గాని పంపడం. డ్రై ఐసు అంటే ఘనీభవించిన బొగ్గుపులుసు వాయువు. దాని చలి సున్నకు దిగువ 78 డిగ్రీలు. అది కరిగి నీరు కాక నేరుగా వాయువవుతుంది. కనుక ఆ పెట్టెను గాలి చొరనంత బిగువుగా మూయరాదు, మూస్తే పగులుతుంది. మూడవది, కణాలను బ్రతికించవలసిన పనే లేకుండా డి.ఎన్.ఎ.ను మాత్రం తీసి పంపడం. దీనికి ప్రయాణభయం తక్కువ. కాని డి.ఎన్.ఎ. పరీక్షలలో కొన్ని, క్రోమోసోము తునకలు లోటు లేకుండా చోటు మారిన సందర్భాన్ని పట్టలేవు. అందుకే పాతకాలపు సూక్ష్మదర్శిని పరీక్ష ఇంకా మూలబడలేదు.

ఏ విధంగా పంపినా ప్యాకింగు మూడు పొరలు. కారని లోపలి పాత్ర, దాని చుట్టూ ద్రవం పీల్చుకొనే దూది వంటి పదార్థంతో కారని రెండవ పాత్ర, ఆపైన గట్టి బయటి పెట్టె. పాత్ర మీద శ్రేణి పేరు, తేదీ, నాటిన అంకె చెరగని సిరాతో వ్రాయవలెను. లోపల ఒక పత్రం ఉండవలెను: ఈ కణాలు ఎవరివి, ఏ ద్రవంలో పెరిగినవి, మైకోప్లాస్మా అనే కంటికి చిక్కని సూక్ష్మజీవి లేదని ఎప్పుడు పరీక్షించారు. అక్కడి పరీక్షకుడు సామాన్యంగా 20 కణాల క్రోమోసోములను ఒక్కొక్కటిగా చూస్తాడు. ఉక్కు తునకకు జవాబు నిమిషాలలో వస్తుంది. ఈ పరీక్షకు రోజులు, ఒక్కొక్కసారి వారాలు పడుతుంది. గుర్తింపు కొరకు మరొక పరీక్ష ఉన్నది. డి.ఎన్.ఎ.లో మనిషి మనిషికి మారే కొన్ని చోట్లను కొలిచి, మొదటి దాత నమూనాతో పోల్చుతారు. నేరపరిశోధనలోను, పితృత్వ వివాదాలలోను వాడే విద్యే ఇది. ఆ విద్యను మన దేశంలో నెలకొల్పినవారు హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రంలో పనిచేసిన లాల్జీ సింగ్. సి.సి.ఎం.బి. అని పిలిచే ఆ సంస్థ 1977లో పుష్పమిత్ర భార్గవ నాయకత్వాన ఆరంభమైనది.

హైదరాబాదులోనే మూలకణాలు మన తెలుగువారి కంటికి వెలుగు తెచ్చిన కథ కూడా జరిగినది. తాంబూలం లేని శుభకార్యం మనకు లేదు. సున్నం లేని తాంబూలం లేదు. ఆ సున్నమే పసివాళ్ల చేతిలో పొట్లంగా పడి, నొక్కగానే చిట్లి కంటిలో పడుతుంది. కర్మాగారాలలో, ఇండ్ల కట్టుబడిలో పనిచేసేవారికి కూడా సున్నం, క్షారాలు, ఆమ్లాలు కంటిలో పడే ప్రమాదం ఉన్నది. నల్లగుడ్డు మీద అద్దం వంటి పారదర్శకమైన పొర ఉన్నది; దానిని కార్నియా అంటారు. దాని పైతొడుగు ఎప్పటికప్పుడు అరిగి, కొత్తది పుడుతూ ఉంటుంది. పుట్టించే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున ఉంటాయి. సున్నం ఆ అంచును కాల్చివేస్తే కార్నియా మీదికి రక్తనాళాలు ప్రాకి, చూపు మూసుకొనిపోతుంది. మూలకణాలు లేనిచోట దాత ఇచ్చిన కొత్త కార్నియా అతికినా నిలువదు.

1997లో ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రీని, ఆమె సహచరులు ఇద్దరు రోగులకు వారి రెండవ కంటి అంచు నుంచి తీసిన కణాలను పెంచి అమర్చారు. గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో 2001 నుంచి ఈ చికిత్స సాగినది. వీరేందర్ సాంగ్వాన్, గీతా వేముగంటి, దొరైరాజన్ బాలసుబ్రహ్మణియన్ దీనికి ముఖ్యులు. ఆరోగ్యంగా ఉన్న కంటి అంచు నుంచి అతి చిన్న తునక తీసి, ప్రసూతి సమయంలో దానం చేసిన ఉమ్మనీటి సంచి పొర మీద పరచి, సుమారు రెండు వారాలు పెంచి, ఏర్పడిన పలుచని పొరను కాలిన కంటికి అమర్చేవారు. జంతుసంబంధమైన పదార్థాలు లేకుండా పెంచడం వారి విశేషం. పది సంవత్సరాల అనుభవాన్ని 2011లో ప్రకటించినప్పుడు, 200 కండ్లలో 142 కండ్లు, అంటే నూటికి 71, కుదుటపడినవని తేలినది.

కాని ఈ పద్ధతికి పరిశుభ్రమైన కణవర్ధనశాల కావలెను; శిక్షణ పొందినవారు కావలెను; ఇంతకు ముందు చెప్పిన పరీక్షలు, పత్రాలు, కాపలా అన్నీ కావలెను. ఐరోపాలో 2015లో అనుమతి పొందిన ఇట్టి చికిత్సలోనే చూడండి. రోగి ఏ దేశంలో ఉన్నా తునక ఇటలీలోని మొడేనా నగరానికి పోవలెను. పెరిగిన పొర కొద్ది గంటల గడువులోగా తిరిగి శస్త్రశాలకు చేరవలెను. ఒక్క విమానం ఆలస్యమైతే శ్రమ అంతా వృథా. ఖర్చు సామాన్యులకు అందేది కాదు.

ఇక్కడ హైదరాబాదు వైద్యులు మరొక ఆలోచన చేశారు. కణాలను కంటి నుంచి పాత్రకు, పాత్ర నుంచి కంటికి త్రిప్పడమెందుకు? 2012లో వారు ప్రకటించిన పద్ధతిలో, మంచి కంటి అంచు నుంచి తీసిన చిన్న తునకను అక్కడే ఎనిమిది పది ముక్కలుగా కోసి, కాలిన కంటి మీద ఉమ్మనీటి పొర పరచి, ఆ పొర మీద ముక్కలను జిగురుతో అతికిస్తారు. కణాలు కంటి మీదనే పెరుగుతాయి. కన్నే కణవర్ధనశాల. 2016లో 125 కండ్ల ఫలితాలు వచ్చినవి. నూటికి 76 చొప్పున కుదుటపడినవి. ప్రయాణం లేదు, కాబట్టి ప్రయాణంలో చెడిపోవడం లేదు. పాత్ర లేదు; కాబట్టి పాత్రలో మార్పు, తారుమారు లేవు. ఆ సంస్థ శాఖ 2006లో విశాఖపట్నంలో కూడా వెలసినది. కణవర్ధనశాల లేని ఊరిలోనైనా, నిపుణుడైన వైద్యుడు, శస్త్రశాల ఉంటే చేయదగిన చికిత్స ఇది. రవాణా సమస్యకు అన్నిటికంటె మంచి పరిష్కారం రవాణా అక్కర లేకుండా చేయడమేనని తెలుగునాట జరిగిన ఈ పని చాటినది.

అయితే ఈ ఉపాయం అందరికీ చాలదు. రెండు కండ్లూ కాలినవానికి తునక ఎక్కడి నుంచి తీస్తారు? అట్టివారి కొరకు 2019లో జపానులోని ఒసాకాలో కోజి నిషిదా బృందం యమనాకా పద్ధతి మూలకణాల నుంచి కార్నియా పొరను పెంచి అమర్చినది. అప్పుడు పాత్ర, ప్రయాణం, పరీక్ష మళ్లీ తప్పవు. ఆ పరీక్షకు ఎంత విలువ ఇవ్వవలెనో అదే దేశంలో జరిగిన మరొక సంఘటన తెలుపుతుంది. 2014 సెప్టెంబరులో మసాయో తకహాషి బృందం ఒక రోగికి, ఆమె చర్మకణాల నుంచే తయారైన నేత్రకణాలను కంటిపాప వెనుక పొరలో అమర్చినది. ప్రపంచంలో అదే మొదటిసారి. రెండవ రోగికి కణాలు సిద్ధమైనవి. జన్యుపరీక్షలో ఆ కణాలలో కొన్ని మార్పులు కనబడినవి. అవి హాని చేస్తాయని రుజువేమీ లేదు. అయినా శస్త్రచికిత్సను ఆపివేశారు. చూపు కొరకు ఎదురుచూస్తున్న రోగికి, పేరుప్రతిష్ఠలు పణంగా పెట్టిన శాస్త్రజ్ఞులకు అది సులభమైన నిర్ణయం కాదు. అయినా పరీక్ష చెప్పిన మాట విన్నారు.

ఈ చరిత్ర పండితులకే పరిమితమైనది కాదు. మన పట్టణాలలో మూలకణ చికిత్సల పేరిట ప్రకటనలు వినవస్తున్నవి. మోకాళ్లు, వెన్నుపాము, బిడ్డల మాంద్యం - అన్నిటికీ ఒకే మందు అన్నట్లు చెప్పేవారున్నారు. ఎముకమజ్జ మూలకణాల మార్పిడి కొన్ని రక్తవ్యాధులకు నిలదొక్కుకొన్న చికిత్స. కాని రుజువైన చికిత్సల జాబితా చిన్నది. భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక శాఖ కలిసి 2007లో మార్గదర్శక సూత్రాలు వెలువరించి, 2017లో మరింత బిగించినవి. ఆమోదం లేని చికిత్సను సక్రమమైన పరిశోధన పరిధిలో తప్ప రోగులకు ఇవ్వరాదని, అట్టి పరిశోధనకు రోగి వద్ద రుసుము తీసుకోరాదని వాటి సారాంశం.

ఇల్లు గడుపుకొనే మనిషి క్రోమోసోముల చారలు చదువనక్కర లేదు. కాని బియ్యం కొనేటప్పుడు గుప్పెడు తీసి చూచే ఇల్లాలికి ఉన్న హక్కు ఇక్కడా ఉన్నది. ఈ కణాలు ఎవరివి? ఎక్కడ పెరిగినవి? ఎన్నిసార్లు నాటినవి? ఎవరు పరీక్షించారు, ఏ తేదీన? ఆ పత్రం చూపగలరా? ఈ ప్రశ్నలకు నిదానంగా, కాగితం ముందుంచి జవాబు చెప్పే వైద్యుని నమ్మవచ్చు. విసుగుకొనేవాని వద్ద నుంచి లేచి రావడం మేలు. ముల్కోవాల్ గ్రామంలో ఆ 19 మందికి ఈ ప్రశ్నలు అడిగే అవకాశం లేకపోయినది. మనకు ఉన్నది.